‘ఆల్చిప్పల రాకుమారి’ – లూబిచ్ హాస్యరీతి

రసము వ్యంగ్యమే కాని వాచ్యము కాదని ధ్వనివాదుల సిద్ధాంతము. మాటయే వినబడని మూకచిత్రమున హాస్యము వ్యంగ్యమగుట యెట్లు? ఎర్నెస్ట్ లూబిచ్ (1892–1947) దర్శకత్వమున 1919లో జర్మనీలో వెలువడిన ‘ఆల్చిప్పల రాకుమారి’ ఈ ప్రశ్నకు చక్కని సమాధానము.

కథ స్వల్పము. అమెరికాలో ఆల్చిప్పల వర్తకమున కోటికి పడగలెత్తిన క్వేకర్ కూతురు ఒస్సీ. బూటుపాలిషు వర్తకుని కూతురు ఒక ప్రభువంశీయుని పెండ్లాడెనని తెలిసి, ఆమె యింటిలోని సామానులను పగులగొట్టును. తండ్రి ఆమెకు రాకుమారునే తెచ్చెదనని మాట యిచ్చును. చిల్లిగవ్వ లేని రాకుమారుడు నుక్కి, పిల్లను చూచి రమ్మని మిత్రుడు యోసెఫును పంపును. ఒస్సీ అతనినే రాకుమారుడని భ్రమించి పెండ్లాడును. పెండ్లి మాత్రము నుక్కి పేరిట జరుగును. పిమ్మట ఒస్సీ, నుక్కి ఒకరినొకరు ఎరుగకయే ప్రేమింతురు. తాము అప్పటికే దంపతులమని వారికి తుదకు తెలియును.

ఇందు దర్శకుడు సంపదను వర్ణింపడు, సంఖ్యచే చూపును. ఒస్సీ స్నానమునకు దాసీల బారు, పెండ్లివిందునకు వడ్డించువారి దండు. ఫాక్స్‌ట్రాట్ నృత్యము అంటువ్యాధివలె అతిథుల నుండి వంటవారి వరకు ప్రాకును. నాడు యుద్ధమున ఓడిన జర్మనీలో ఆహారపు కొరత తీవ్రము. మిత్రరాజ్యముల నౌకాదిగ్బంధము 1919 జూలై వరకు తొలగలేదు. ఆకొన్న ప్రేక్షకుల యెదుట ఇట్టి విందును ప్రదర్శించుటలో ధనికుల యెడ అధిక్షేపమును, పేదల కలయు ఏకకాలమున స్ఫురించును.

క్వేకర్ దేనికిని అబ్బురపడడు. ఎంతటి వైభవమునైనను ఒక్కమాటతో కొట్టివేయును. తుదకు తాళపుచెవి రంధ్రము గుండ కొత్తదంపతులను చూచినప్పుడు మాత్రమే అబ్బురపడును. దండులకొలది సేవకులు చేయలేని పనిని ఇద్దరి అనురాగము చేసినది. ఈ భావమును దర్శకుడు విడమరచి చెప్పడు. అంతవరకు అతిశయోక్తిపై నడచిన చిత్రము ఇచ్చట ధ్వనిని ఆశ్రయించినది.

1922 చివర అమెరికాకు వెడలిన లూబిచ్, ‘ట్రబుల్ ఇన్ పారడైజ్’ (1932) చిత్రమున పాత్రలను చూపక, గడియారములను చూపి, సంభాషణలను మాత్రము వినిపించి, ఒక సాయంకాలము గడచుటను సూచించెను. బహుత్వము తగ్గినది, సూచన హెచ్చినది. కావున విమర్శకులు ‘లూబిచ్ టచ్’ అని కొనియాడిన గుణము హాలీవుడ్డున పుట్టినదనుట సగము సత్యము. అది అచ్చట పరిణతి చెందెను. దాని బీజము మాత్రము బెర్లినులోనే పడినది.