పులుసు పెట్టే తీరిక లేని మంగళవారం

మంగళవారం సాయంత్రం మా ఇంట్లో లెక్క ఇలా ఉంటుంది. ఆరింటికి పాపని ఆఫ్టర్ స్కూల్ నుంచి తీసుకురావాలి. ఇల్లు చేరేసరికి ఆరున్నర. ఎనిమిదిన్నరకి హైదరాబాద్ టీమ్‌తో కాల్, వాళ్ళకప్పుడు పొద్దున్న తొమ్మిది. ఈ రెండు గంటల్లో వంట, భోజనం, హోంవర్క్, స్నానం అన్నీ అయిపోవాలి. మా ఆవిడ ఆఫీసు నుంచి వచ్చేదే ఏడున్నరకి. అందుకని మంగళవారం వంట నాది.

మాది రాజమండ్రి పక్కన ధవళేశ్వరం. చేప అంటే మాకు పులుసే. అమ్మ పొద్దున్నే చింతపండు నానబెట్టేది. వెడల్పాటి దాకలో సన్నసెగ మీద ఉడకనిచ్చి, చివర్లో చిన్న బెల్లం ముక్క వేసి దించేది. గరిటె పెట్టనిచ్చేది కాదు, గుడ్డతో దాకని పట్టుకుని అటూ ఇటూ తిప్పడమే. అంతా అయ్యాక "రేపు తినండి, ముక్కకి పులుపు పడుతుంది" అనేది. అంటే ఆ వంటలో అసలు దినుసు టైమ్. సియాటిల్‌లో నా దగ్గర లేనిది అదొక్కటే.

దానికి తోడు మా పాప. నాలుగేళ్ళప్పుడు చేపముల్లు గొంతులో గుచ్చుకుంది. రాత్రికి రాత్రి డాక్టర్ దగ్గరికి పరిగెత్తాం. ముల్లు వచ్చేసింది గానీ భయం పోలేదు. అప్పట్నుంచి చేప అంటే కంచం వెనక్కి తోసేస్తుంది.

పోయినేడు ఆగస్టులో అమ్మ వచ్చింది. ఇండియన్ స్టోర్‌లో ఫ్రోజెన్ చేప కొని, రోజంతా కూర్చుని పులుసు పెట్టింది. పాప మామూలుగానే కంచం తోసేసింది. "చిన్నపిల్ల, దానికేం తెలుసు" అంది అమ్మ నవ్వుతూ. ఆ రాత్రి గిన్నెలు తోముతూ మాత్రం నెమ్మదిగా అడిగింది: "నీకు పదేళ్ళొచ్చేదాకా నేను ముల్లు తీసి పెట్టాను కదరా. దానికెవరూ తీసి పెట్టలేదా?"

జవాబు చెప్పలేదు. తీసి పెట్టలేదు మరి. ముల్లు తీసి ముద్ద పెట్టాలంటే పక్కన కూర్చోవాలి. మేమేమో ఒక కన్ను కంచం మీద, ఒక కన్ను ఫోన్ మీద పెట్టి తింటాం.

ఆ వారమే నాకు తట్టిందొక సంగతి. ఈ పిల్ల టెరియాకీ చికెన్ అంటే ప్రాణం పెడుతుంది. సియాటిల్‌లో టెరియాకీ మనకి టిఫిన్ సెంటర్ లాంటిది, ఏ వీధిలో చూసినా ఒక కొట్టు కనపడుతుంది. 1976లో తోషి కసహారా అనే జపాన్ ఆయన ఇక్కడ పెట్టిన చిన్న హోటల్‌తో ఆ మోజు ఊరంతా పాకింది. జపనీస్‌లో 'తెరి' అంటే మెరుపు, 'యాకి' అంటే కాల్చడం. సోయా సాస్, పంచదార కలిపి మరిగించి, కాలుతున్న ముక్కకి పూస్తారు. తీపి, ఉప్పు, మెరుపు, అంతే. చింతపండు, బెల్లం, కారం మరిగిస్తే మాత్రం మెరవదా? పులుసులోంచి నీళ్ళు తీసేస్తే మిగిలేది అదే కదా!

మొదటిసారి ఇంజనీర్ తెలివి చూపించాను. పూత ముందే దట్టంగా పట్టించి, సాల్మన్‌ని బాగా వేడెక్కిన గ్యాస్ గ్రిల్ మీద పెట్టాను. నాలుగు నిమిషాలకి పొగ. పైన బొగ్గు, లోపల పచ్చి, తొక్క ఊచలకి అంటుకుపోయింది. బెల్లం సంగతి అరిసెలు వండే ఇంట్లో పుట్టినవాడికి తెలియాలి. చేప ఉడికేలోపే బెల్లం మాడిపోతుంది. కాబట్టి చేప సగం పైన ఉడికాకే పూత.

ఇప్పుడు నేను చేసే పద్ధతి ఇది. ముగ్గురికి ఒక పౌండు, అంటే దాదాపు 450 గ్రాముల సాల్మన్, తొక్కతో ఉన్నది. ఫిలే అంటే ముళ్ళుండవనుకోకండి. మాంసం మీద వేలితో రాస్తూ పోతే మధ్యలో సన్నటి ముళ్ళు వరసగా తగులుతాయి. వాటిని ట్వీజర్‌తో, అవి వాలిన వైపుకే లాగాలి. తర్వాత పేపర్ టవల్‌తో తడి అద్దేసి, ఉప్పు, పసుపు, కాస్త నూనె రాసి పక్కన పెడతాను.

సగం నిమ్మకాయంత చింతపండు వేడినీళ్ళలో నానబెట్టి చిక్కగా గుజ్జు తీయాలి. దాంట్లో మూడు చెంచాల బెల్లం తురుము, చెంచాడు సోయా సాస్, రెండు వెల్లుల్లి రెబ్బలు దంచి, అర చెంచా కారం వేసి ఐదారు నిమిషాలు మరిగించాలి. గరిటె వెనక పల్చగా పట్టుకుంటే చాలు, తీగపాకం దాకా రానివ్వకండి. చల్లారాక ఇంకా చిక్కబడుతుంది. సగం తీసి విడిగా పెట్టుకోండి, అది అన్నంలోకి. పచ్చి చేపకి తగిలిన బ్రష్ అందులో ముంచొద్దు.

గ్రిల్ పది నిమిషాలు వేడెక్కాక, దోశ పెనానికి రుద్దినట్టే నూనెలో ముంచిన ఉల్లిపాయ ముక్కతో ఊచలు రుద్దుతాను. తొక్క కిందికి ఉండేలా చేప పెట్టి, మూత వేసి, ఆరేడు నిమిషాలు కదపను. అమ్మ గరిటె పెట్టనివ్వనట్టే. తర్వాత ఒక పూత, నిమిషం ఆగి ఇంకో పూత. పూత బుడగలు కట్టి నిగనిగలాడగానే తీసేయడమే. ఇక్కడి ప్రభుత్వ లెక్క ప్రకారం లోపల 145 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండాలి, థర్మామీటర్ గుచ్చితే తెలిసిపోతుంది. సాకై రకమైతే పల్చగా ఉంటుంది, కొవ్వు తక్కువ, ఇంకా తొందరగా అయిపోతుంది. గ్రిల్ లేనివాళ్ళు అవెన్‌లో బ్రాయిల్ పెట్టుకోవచ్చు, కానీ దగ్గరే నిలబడి చూస్తుండాలి. కుక్కర్లో అన్నం అయ్యేలోపు చేప అయిపోతుంది.

మొదటిసారి బాగా కుదిరింది అమ్మ ఉండగానే, సెప్టెంబరులో. ఆ ముందు ఆదివారం ఆవిడని బల్లార్డ్ లాక్స్‌కి తీసుకెళ్ళాం. సముద్రం నుంచి మంచినీళ్ళలోకి ఎదురెక్కే సాల్మన్ల కోసం అక్కడ 21 మెట్లతో నీటి దారి కట్టారు. పక్కన అద్దాల్లోంచి చేపల్ని చూడొచ్చు. అమ్మ అద్దానికి ముఖం ఆనించి చాలాసేపు చూసింది. "పులసల్లాగే ఏరు ఎక్కుతున్నాయే!" అంది. గోదారికి ఎర్రనీరు రాగానే సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి వచ్చే చేపని చూస్తూ పెరిగిన మనిషి మరి. "మళ్ళీ సముద్రానికి పోతాయా?" అనడిగింది. పులసలు పోతాయి. ఇవి పోవమ్మా, గుడ్లు పెట్టాక ఇక్కడే చచ్చిపోతాయి అన్నాను. ఇంకేం మాట్లాడలేదు. కారెక్కాక పాప చెయ్యి పట్టుకుని కూర్చుంది.

మంగళవారం చేప టేబుల్ మీద పెట్టాను. పాప దూరం నుంచే "ముల్లుందా?" అంది. నేను తీశానన్నా నమ్మలేదు. అప్పుడు అమ్మ తన కుర్చీ పాప పక్కకి జరుపుకుని, ముక్కని వేళ్ళతో విప్పి, పొర పొరా నలిపి చూసి, అన్నంలో ఆ చింతపండు పూత కలిపి ముద్ద చేసి పెట్టింది. పాప నమిలింది. ఇంకో ముద్దకి నోరు తెరిచింది.

అమ్మ కూడా తింది. "ఇది పులుసు కాదు, ఉప్పు కూడా తగ్గింది" అంది. అని ఇంకో ముక్క వేసుకుంది.

ఎనిమిదిన్నర దాటింది. ఫోన్ మోగుతూనే ఉంది. టీమ్‌కి పది నిమిషాలు ఆలస్యంగా వస్తానని మెసేజ్ పెట్టి కూర్చున్నాను.

అమ్మ వెళ్ళిపోయి ఎనిమిది నెలలైంది. మంగళవారాల్లో నేనే పాప పక్కన కూర్చుంటున్నాను, ఫోన్ వంటింటి గట్టు మీద వదిలేసి. తీసిన ముళ్ళన్నీ ఒక గిన్నెలో వేసి చూపిస్తే గానీ మొదటి ముద్ద తినదు. ఈ ఆగస్టుకి ఇండియా టికెట్లు కొన్నాం. నానమ్మ పులుసు తింటావా అని అడిగితే, కాసేపు ఆలోచించి, "నానమ్మ నా పక్కన కూర్చుంటే" అంది.