పంక్చర్ పడ్డాక కాదు, పడకముందే చూసుకోండి

గల్ఫ్‌లో సైటుకో, బకాలా సామాను ఇచ్చి రావడానికో సైకిల్ మీద వెళ్లేవాళ్లు మనలో చాలామంది. దారిలో పంక్చర్ అయితే ఎండలో నెట్టుకుంటూ నడవాలి. డ్యూటీకి లేటైతే జీతంలో కోత భయం.

ముల్లు గుచ్చితేనే పంక్చర్ అనుకోకండి. గాలి తక్కువున్న టైరుతో, బరువు పెట్టుకుని ఫుట్‌పాత్ అంచు ఎక్కిస్తే ట్యూబు రిమ్ము కింద నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. చిల్లు లేకపోయినా గాలి మెల్లగా తగ్గుతుంది. వారానికోసారి గాలి కొట్టండి. ఎంత కొట్టాలో టైరు పక్కన పీఎస్ఐ అంకెల్లో ఉంటుంది, అది దాటొద్దు.

రోడ్డు అంచు ఇసుకలో గాజు పెంకులు, వైరు ముక్కలు, ఖర్జూర మట్టల ముళ్లు ఉంటాయి. రూముకొచ్చాక చక్రం తిప్పి చూసి, గుచ్చుకున్నవి తీసేయండి.

మా క్యాంపులో ఒక తమ్ముడు నెలలో మూడు ట్యూబులు మార్చాడు. చూస్తే టైరు లోపల సన్న వైరు ముక్క అలాగే ఉంది. ట్యూబు మార్చేముందు లోపలంతా గుడ్డతో మెల్లగా తుడవండి. గుడ్డ ఎక్కడ తట్టుకుంటే ముల్లు అక్కడే. చిల్లు రిమ్ము వైపు ఉంటే లోపలి పట్టీ జరిగి పుల్లల మొనలు గుచ్చుతున్నాయేమో చూడండి. సైకిల్ నీడలో పెట్టండి, ఎండకు రబ్బరు పగులుతుంది.

ఇంత చేసినా పంక్చరైతే రోడ్డుకు దూరంగా జరిగి, ఫోర్‌మన్‌కి ఫోన్ చేయండి. లేటవుతోందని హైవేకి అడ్డంగా పరిగెత్తొద్దు. పోయిన హాజరు రేపు సంపాదించుకోవచ్చు. ఇంట్లోవాళ్లకు కావాల్సింది మీరు.