మెలకువగా నుండువారి యలసట

మన లాలాగూడలోని రైల్వే ఆసుపత్రి నెఱుగని బాలబాలికలు అరుదు. శస్త్రచికిత్స జరుగునపుడు రోగి నిద్రించును. అతని కొఱకు మెలకువగా నుండువారిలో నర్సు యొకతె. ఏ ఆసుపత్రిలోనైనను అట్టి నర్సులకు కలుగగల మనస్సు యలసటను గూర్చి యిచ్చట కొంత వివరింపగోరుచున్నాము.

మత్తుమందునకును మన నగరమునకును పూర్వసంబంధము గలదు. 1888, 1889 సంవత్సరములలో డాక్టరు ఎడ్వర్డు లారీ నాయకత్వమున హైదరాబాదులో క్లోరోఫారమును గూర్చి రెండు పరిశోధక సంఘములు పనిచేసెను. రూపాబాయి ఫర్దూంజీ యను పార్సీ వనిత యా పరిశోధనలలో పాల్గొనెను. రోగి యూపిరిని ఎడతెగక కనిపెట్టవలెనని వారు నొక్కి చెప్పిరి. గుండెకు అపాయము లేదని వారు తలచినది పిమ్మట సరికాదని తేలినను, ఊపిరిని గూర్చిన యా జాగరూకత నేటికిని నిలిచియున్నది.

ఆ జాగరూకతయే నర్సునకు భారము. మనదేశమున మత్తు నిచ్చువారు వైద్యులు. నర్సు మందులను, ప్రాణవాయువును, గొట్టములను సిద్ధపరచి, గంటలకొలది నిలిచి వారికి తోడ్పడును. ఎన్ని చికిత్సలు క్షేమముగా జరిగినను, తరువాతిదానిలో క్షణమాత్రమున ప్రమాదము రావచ్చును. నిద్రించిన రోగి ఆమె సేవ నెఱుగడు గనుక కృతజ్ఞతయు అరుదు.

ఇట్టి యలసటను 1974లో ఫ్రాయిడెన్‌బర్గరు అను మనస్తత్త్వవేత్త వర్ణించెను. పిమ్మట క్రిస్టీనా మాస్లాక్ దీనికి మూడు గుర్తులు చెప్పెను: మనస్సు డస్సిపోవుట, రోగిని మనుష్యునిగా గాక వట్టి పనిగా చూచుట, తన సేవ వ్యర్థమని తోచుట. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని వ్యాధిగా గాక, వృత్తివలన కలుగు స్థితిగా పేర్కొనెను. కావున నిది సోమరితనమును గాదు, భక్తిలోపమును గాదు. నూనె యింకిన దివ్వెలో వత్తి మాడును. అది వత్తి దోషమా?

నిజమైన సేవకు విసుగుండదని తఱచు చెప్పబడుచున్నది. ఆ మాట విని అలసిన నర్సు సిగ్గుపడి మౌనము వహించును. ఆ మౌనము ఆమెకును, ఆమెను నమ్మిన రోగికిని అపాయకరము. ఏలీయా ప్రవక్త బదరీవృక్షము క్రింద చావు గోరినపుడు దేవదూత ఆయనను గద్దింపలేదు. రొట్టెయు నీళ్లును ఇచ్చి, మరల పరుండనిచ్చెను.

తగినంతమంది నర్సులను నియమించుట, పని నడుమ విరామ మిచ్చుట, రోగి మరణించిన దినమున వారిని కూర్చుండబెట్టి మాటలాడుట అధికారుల విధులు. ఇంటివారికిని విధి గలదు. విద్యార్థులారా, రాత్రిపని ముగించి వచ్చిన తల్లియో అక్కయో నిద్రించుచుండగా ఇంటిలో సద్దు చేయకుడు. ఆమె లేచువేళకు అన్నము వండి మూతవేసి యుంచుడు. ఆమె మాటలాడ గోరినయెడల చెవియొగ్గి వినుడు.