రేచీకటి అంటే కామెడీ కాదు.. ఈ రెండు డాక్యుమెంటరీలు చూస్తే తెలుస్తుంది

మన సినిమాల్లో రేచీకటి ఉన్న క్యారెక్టర్ కనిపిస్తే చాలు, థియేటర్‌లో నవ్వులే నవ్వులు. చీకటి పడగానే స్తంభానికి గుద్దుకోవడం, పక్కింట్లోకి వెళ్లిపోవడం.. ఏళ్ల తరబడి ఇదే కామెడీ. మరి మన ఇంట్లోనే పదేళ్ల పిల్లాడు సాయంత్రం కాగానే గడప తట్టుకుని పడుతుంటే? 'విటమిన్ ఎ తక్కువైంది, ఆకుకూరలు పెట్టండి' అని వదిలేస్తాం. కొందరికి కారణం అదే కావచ్చు. కానీ రెటినైటిస్ పిగ్మెంటోసా అనే జన్యు వ్యాధి కూడా చాలామందిలో ఇలాగే మొదలవుతుంది.

ఆ జబ్బు మీద వచ్చిందే 'బ్లింక్'. నేషనల్ జియోగ్రాఫిక్ 2024లో విడుదల చేసిన ఈ డాక్యుమెంటరీ కెనడాలోని ఓ కుటుంబం కథ. నలుగురు పిల్లల్లో ముగ్గురికి ఇదే వ్యాధి. చూపు పోకముందే పిల్లలు ప్రపంచాన్ని కళ్లారా చూడాలని తల్లిదండ్రులు వాళ్లను వెంటేసుకుని దేశదేశాలు తిరిగారు.

అసలు ఈ వ్యాధిలో ఏం జరుగుతుంది? కంటి లోపలి రెటీనా పొరలో, మసక వెలుతురులో పనిచేసే రాడ్ కణాలు ముందు దెబ్బతింటాయి. అందుకే మొదట రాత్రి చూపు తగ్గుతుంది. తర్వాత పక్కచూపు కుంచించుకుపోయి, చివరికి గొట్టంలోంచి చూసినట్టే ఉంటుంది. ఎదురుగా ఉన్న బోర్డు మాత్రం పిల్లాడు చక్కగా చదివేస్తాడు. ఇక స్కూల్లో ఎవరికి అనుమానం వస్తుంది?

మన దగ్గర ఇంకో సంగతి ఉంది. ఈ వ్యాధిలో చాలా రకాలు తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే బయటపడతాయి. మేనరికాలు చేసుకునే కుటుంబాల్లో ఆ అవకాశం ఎక్కువ. చాలా రకాలకు ఇప్పటికీ నయం చేసే మందు లేదు. ఆర్‌పీఈ65 అనే ఒక్క జన్యువులో లోపం ఉన్నవాళ్లకు మాత్రం 2017లో అమెరికా ఓ జన్యు చికిత్సకు అనుమతిచ్చింది.

ఇక రెండోది 'మై బ్యూటిఫుల్ బ్రోకెన్ బ్రెయిన్'. 2016లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. లండన్‌లో ఉండే లోట్జే సోడర్‌లాండ్‌కు 2011లో, 34 ఏళ్ల వయసులో మెదడులో రక్తస్రావమైంది. చదవడం, రాయడం పోయాయి. మాట తడబడింది. మరి జరుగుతున్నది ఎలా రాసిపెట్టుకోవాలి? ఫోన్ తీసి తనను తానే వీడియో తీసుకోవడం మొదలుపెట్టారు. కుడివైపు చూపంతా వింత రంగులతో చెదిరిపోయేది. ఆమెకు ఎలా కనిపించిందో అలాగే మనకూ తెరమీద చూపిస్తారు. దెబ్బ తగిలింది కంటికి కాదు, మెదడుకి. ఈ ముక్క డాక్టర్ గంటసేపు చెప్పినా ఎక్కదు కానీ, ఆ రెండు నిమిషాల సీన్ చూస్తే ఎక్కుతుంది.

స్ట్రోక్ అంటే ముసలివాళ్లకే అనుకునేవాళ్లకు ఈ సినిమా చూపించాలి. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా పసరు వైద్యం, నూనె మర్దన అంటూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి. రక్తం గడ్డకట్టి వచ్చే స్ట్రోక్‌లో గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. రక్తస్రావమైతే అదే ఇంజెక్షన్ ప్రాణం మీదకు తెస్తుంది. ఏది అనేది స్కాన్ తీస్తేనే తేలుతుంది.

వీడియోలను నమ్మడంలో ఓ చిక్కు కూడా ఉంది. నీటికాసుల గురించి చెప్పే చాలా వీడియోల్లో చుట్టూ నల్లటి వలయం, మధ్యలో కాస్త వెలుతురు చూపిస్తారు. నిజానికి చాలామంది రోగులకు ఆ నలుపు కనిపించదు. పోయిన చూపును మెదడే ఏదో ఒకలా పూడ్చేస్తుంది. 'నాకు నల్లగా ఏమీ కనిపించట్లేదు కదా' అని ధీమాగా ఉన్న మనిషికి అప్పటికే సగం పక్కచూపు పోయి ఉండొచ్చు. ఇంట్లో ఒకరికి నీటికాసులు ఉంటే తోబుట్టువులు, పిల్లలు ఏ ఇబ్బందీ లేకపోయినా ఒకసారి కంటి ప్రెషర్, కంటి నరం చూపించుకోవాలి.