పాల మంచిచెడ్డలు దాణాలోనే

పాల విషయంలో మన భయాలన్నీ కల్తీ చుట్టూనే తిరుగుతాయి. నీళ్లు కలిపారేమో, యూరియా వేశారేమో, డిటర్జెంటు కలిపారేమో అని అనుమానం. 2018లో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ దేశమంతటా 6,432 పాల నమూనాలు తెప్పించి పరీక్షించింది. మరుసటి ఏడాది అక్టోబరులో ఫలితాలు బయటపెట్టింది. తాగితే ప్రమాదం అనదగిన కల్తీ దొరికింది 12 నమూనాల్లోనే. అందులో తొమ్మిది తెలంగాణవి కాబట్టి మనం గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపోవడానికి లేదు. అయితే అదే సర్వేలో 368 నమూనాల్లో, అంటే 5.7 శాతంలో, అఫ్లటాక్సిన్ ఎం1 అనే విషం పరిమితికి మించి ఉంది. మరో 77 నమూనాల్లో యాంటీబయాటిక్ మందుల అవశేషాలు హద్దు దాటాయి. ఈ రెండింటినీ ఎవరూ చీకట్లో క్యాన్ మూత తీసి కలపలేదు. పశువు ఒంట్లోంచి పాలతోపాటే దిగాయి. కాబట్టి పాలు, గుడ్లు, మాంసం బాగుండాలని కోరుకునేవాళ్లు ముందుగా చూడవలసింది పశువు ఏం తింటోంది, దానికి ఏ మందు పడుతోంది అన్నదే. మన నిఘా, మన ఖర్చు, మన కోపం ఎక్కువగా పాలబూత్ దగ్గరే ఆగిపోతున్నాయి.

అఫ్లటాక్సిన్ కథ 1960లో ఇంగ్లండ్‌లో మొదలైంది. అక్కడి ఫారాల్లో లక్ష దాకా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చచ్చిపోయాయి. ఆరా తీస్తే తేలింది, వాటికి పెట్టిన వేరుశనగ చెక్కకు బూజు పట్టిందని. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే ఆ బూజు వేరుశనగకు, పత్తి గింజల చెక్కకు, మొక్కజొన్నకు ఇష్టంగా పడుతుంది. కోత దగ్గర వాన తగిలిన కంకులను సరిగా ఎండబెట్టకుండా బస్తాకెత్తితే, ఆ బస్తాలను సిమెంటు నేల మీద గోడకు ఆనించి పేరిస్తే, అడుగున చెమ్మ చేరి గింజల మీద పసుపు కలిసిన ఆకుపచ్చ పొడి కనబడుతుంది. ఇంట్లో వంటకు పనికిరావని పక్కన పెట్టిన ఆ గింజలే చాలాచోట్ల గేదె దాణాలోకి వెళతాయి. అందులో ఉన్న అఫ్లటాక్సిన్ బి1 పశువు కాలేయంలో ఎం1గా మారుతుంది. ఒక్క రోజు తిరక్కుండానే పాలలో కనబడుతుంది. ఆ మేత ఆపేస్తే మూడు నాలుగు రోజుల్లో పాలు మళ్లీ శుభ్రపడతాయి. నాలుగు రోజుల్లో నయమయ్యే జబ్బును మనం ఏళ్ల తరబడి మోస్తున్నామంటే, లోపం పరిజ్ఞానంలో లేదని తేలిపోతోంది.

ఈ విషం మనుషుల్ని ఏం చేస్తుందో మన దేశం కళ్లారా చూసింది. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని వందలమంది కామెర్లతో మంచాన పడ్డారు. 106 మంది చనిపోయారు. ఆ గింజలే తిన్న ఊరకుక్కలు కూడా చచ్చిపోయాయి. కారణం అఫ్లటాక్సినేనని తేల్చి 1975లో లాన్సెట్ పత్రికలో ప్రకటించింది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు. పాలలో వచ్చే మోతాదు దీనికి ఎన్నో రెట్లు తక్కువ, ఒక గ్లాసు పాలతో ఎవరికీ ఏమీ కాదు. ఆ మాట నిజాయతీగా చెప్పాలి. కానీ ఇది కాలేయ క్యాన్సరుకు దారితీసే పదార్థం. పాలు ఎక్కువగా తాగేది పసిపిల్లలు. అందుకే మన దేశంలో కిలో పాలలో అర మైక్రోగ్రామును హద్దుగా పెట్టారు, ఐరోపా సమాఖ్య అందులో పదో వంతుకే ఒప్పుకుంటుంది. విరుగుడు కూడా మన ముంగిటే ఉంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ తక్కువ ఖర్చుతో అఫ్లటాక్సిన్‌ను పట్టుకునే పరీక్షా కిట్లను ఎప్పుడో తయారుచేసింది. బెంటోనైట్ అనే ఒక రకం బంకమట్టిని దాణాలో కొద్దిగా కలిపితే, పశువు పేగుల్లోనే విషాన్ని పట్టుకుని పేడలో బయటికి పంపేస్తుంది. దాణా బస్తాల కింద రెండు చెక్కలు వేయడం, గింజలను మరో రెండు ఎండలు ఎండనివ్వడం ఇంకా చవక.

మరిగిస్తే అన్నీ పోతాయి కదా అంటారు చాలామంది. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి. ఆ అలవాటు మన వంటిళ్లను శతాబ్దాలుగా కాపాడింది, దాన్ని వదలకూడదు. కానీ అఫ్లటాక్సిన్ ప్రాణి కాదు, మామూలు మరుగుడుకు లొంగదు. పైగా పాలలోని కేసీన్ అనే మాంసకృత్తిని అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి, పాలు విరిచి పనీరు తీస్తే నీళ్లతో పోకుండా పనీరులోనే ఎక్కువగా చేరుతుంది. మందుల అవశేషాల్లోనూ చాలావాటిని వేడి పూర్తిగా విరగ్గొట్టలేదు. పొయ్యి మీద సరిదిద్దలేని తప్పు ఇది.

మేతలోంచి చెడు ఎలా వస్తుందో మంచి కూడా అలాగే వస్తుంది. గుడ్డు ఇందుకు చక్కని ఉదాహరణ. 1989లో ఆర్టెమిస్ సిమోపౌలస్, నార్మన్ సేలమ్ అనే శాస్త్రవేత్తలు గ్రీసు పల్లెలో ఆరుబయట తిరిగే కోళ్ల గుడ్లను అమెరికా సూపర్‌మార్కెట్ గుడ్లతో పోల్చారు. గుండెకు మేలుచేసే ఒమేగా-3 కొవ్వు ఒక పాలు ఉంటే, ఒమేగా-6 కొవ్వు అమెరికా గుడ్డులో దాదాపు 19 పాళ్లు ఉంది. గ్రీసు గుడ్డులో రెండూ కొంచెం అటూ ఇటుగా సమానంగా ఉన్నాయి. ఆ కోళ్లు పురుగులతోపాటు ఏరుకుని తిన్న ఆకుకూరల్లో ఒకటి మనకు బాగా తెలిసినదే, గంగవావిలి కూర. మన చేలల్లో కలుపుగా మొలిచే, పప్పులో వేసుకుంటే పుల్లగా కమ్మగా ఉండే ఆ కూరలో ఒమేగా-3 దండిగా ఉంది. ఆ తర్వాత పరిశోధకులు కోళ్ల దాణాలో అవిసె గింజలు కలిపి అదే ఫలితం రాబట్టారు. ఇప్పుడు బజారులో ఒమేగా-3 గుడ్లని అట్టపెట్టెల్లో అమ్మేవి ఇవే. కోడి తన సొనలోకి పంపే ఒమేగా కొవ్వులు చాలావరకు తాను తిన్న మేతలోవే. మొక్కజొన్న, సోయా చెక్క, తవుడు మీదే బతికే కోడి గుడ్డులో ఒమేగా-6 పెరుగుతుంది.

దీన్నిబట్టి నాటుకోడి గుడ్డే మంచిది, ఫారం గుడ్డు చెడ్డది అని తేల్చేయడం తొందరపాటు. పెంకు రంగు జాతిని బట్టి వస్తుంది. సొన చిక్కని పసుపు రంగు మేతలోని వర్ణకాల వల్ల వస్తుంది, బంతిపూల పొడి కలిపినా వస్తుంది. అది బలానికి గుర్తు కాదు. పెరటి కోడి ఏ మట్టిని గీరి తింటే ఆ మట్టిలోని విషాలు గుడ్డులోకి చేరగలవు. 2023 నవంబరులో పారిస్ ప్రాంత ఆరోగ్య అధికారులు, నేలలో డయాక్సిన్ల వంటి రసాయనాలు పేరుకున్నందువల్ల, ఇళ్ల పెరళ్లలో పెంచిన కోళ్ల గుడ్లు తినవద్దని ప్రజలను హెచ్చరించారు. బ్యాటరీలు విప్పే చోట, చెత్త కాల్చే చోట తిరిగే కోడి నాటుదే అయినా దాని గుడ్డును నమ్మలేం. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ వంటి పెరటి జాతులను పల్లెలకిచ్చి గొప్ప మేలు చేసింది. ఆ మేలు నిలవాలంటే పెరటి నేల కూడా శుభ్రంగా ఉండాలి.

ఇక మందులు. కోళ్లు త్వరగా బరువెక్కాలని దాణాలో కొద్ది కొద్దిగా యాంటీబయాటిక్‌లు కలిపే పద్ధతి ప్రపంచమంతా పాకింది. 2015లో చైనా శాస్త్రవేత్తలు ఎంసీఆర్-1 అనే జన్యువును గుర్తించారు. ఐసీయూలో ఏ మందూ పనిచేయనప్పుడు డాక్టర్లు ఆఖరి ఆశగా వాడే కొలిస్టిన్‌ను ఓడించే శక్తిని అది ఒక బాక్టీరియా నుంచి మరోదానికి అంటిస్తుంది. 2017లో చైనా దాణాలో కొలిస్టిన్‌ను ఆపింది. రెండు మూడేళ్లలోనే ఆ జన్యువు పందుల్లోనే కాదు, మనుషుల్లోనూ తగ్గినట్టు పరీక్షల్లో తేలింది. మన దేశం 2019 జులైలో పశువులకు, కోళ్లకు, ఆక్వా చెరువులకు దాన్ని పూర్తిగా నిషేధించింది. మంచి నిర్ణయం. బ్రిటన్ మరో దారి చూపింది. 1988లో సాల్మొనెల్లా భయంతో అక్కడి గుడ్ల వ్యాపారమే కుదేలైంది. ఆ సూక్ష్మజీవి కోడి అండాశయంలోనే చేరి, పెంకు కట్టకముందే గుడ్డులోకి వెళుతుంది. పెంకు ఎంత కడిగినా లాభం లేదు. అందుకని 1998 నుంచి కోళ్లకే టీకాలు వేయడం మొదలుపెట్టారు. 2017 నాటికి టీకా వేసిన కోళ్లవని ముద్ర పడిన గుడ్లను గర్భిణులు, పసివాళ్లు సగం ఉడికినవి తిన్నా ఫరవాలేదని ప్రభుత్వమే చెప్పగలిగింది.

ఇదంతా ఖర్చుతో కూడిన పని, పేదవాడి గుడ్డు ధర పెరిగితే పోషకాహారం మాటేమిటి అనే అభ్యంతరం ఉంది. ఇది తేలిగ్గా తీసేయదగ్గది కాదు. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. తెలంగాణ కూడా ముందు వరుసలోనే ఉంది. బడిలో, అంగన్‌వాడీలో పిల్లవాడి పళ్లెంలోకి వచ్చే మామూలు గుడ్డులో ఆరు గ్రాముల మేలైన మాంసకృత్తు ఉంది. ఒమేగా-3 లేదని దాన్ని తక్కువచేసి చూడటం అన్యాయం. అవిసె దాణా గుడ్లు కొనగలిగినవాళ్లు కొనుక్కుంటారు. భద్రత మాత్రం అలా వదిలేసే విషయం కాదు. దాణాను శుభ్రంగా ఉంచడంలో రైతుకు నష్టమూ లేదు. అఫ్లటాక్సిన్ తిన్న గేదె పాలు తగ్గిస్తుంది, కోడి గుడ్లు తగ్గిస్తుంది, కాలేయం చెడి రోగాలకు లోనవుతుంది. దాణా ఆరబెట్టడానికి పెట్టిన రూపాయి దిగుబడిలో తిరిగొస్తుంది.

అయినా రైతు ఎందుకు మారడంలేదు? ఉదయం ఐదున్నరకు ఏ ఊరి పాలకేంద్రానికి వెళ్లినా జవాబు దొరుకుతుంది. క్యాన్‌లోంచి కొద్దిగా పాలు తీసి యంత్రంలో పెడతారు. వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాల) శాతం చీటీ మీద వస్తాయి. ఆ రెండు అంకెల మీదే డబ్బు. బూజులేని దాణా పెట్టిన రైతుకూ, పెట్టని రైతుకూ ఒకే ధర. మందు సూది పడ్డాక చెప్పినన్ని రోజులు పాలు పోయకుండా ఆగిన రైతుకు దక్కేది నష్టమే. అఫ్లటాక్సిన్‌ను, యాంటీబయాటిక్‌లను నిమిషాల్లో చూపే పరీక్ష పట్టీలు ఇప్పుడు దొరుకుతున్నాయి. ప్రతి రైతుకూ రోజూ చేయనక్కర్లేదు. ఊరి పాలన్నీ కలిసే చోట ఒకసారి చూసి, తేడా వస్తే వెనక్కి వెళ్లి ఇళ్లవారీగా చూస్తే చాలు. మన డెయిరీలు, సహకార సంఘాలు ఆ పరీక్ష మొదలుపెట్టాలి. శుభ్రమైన పాలకు లీటరుకు కొంత ఎక్కువ ఇచ్చి, రైతు చేతికిచ్చే చీటీ మీద ఆ మూడో అంకెను అచ్చువేయాలి.