పెడలు త్రొక్కినను సాగని వ్యాను

చెత్త తరలించు పాత డీజిలు వ్యాను ఎత్తుదారిలో నీరసించి, పెడలు త్రొక్కినను వేగమందుకొననిచో, వెంటనే పంపు విప్పించుటకు తీర్మానింపవలదని సభ్యులకు మా మనవి. అది పంచాయతీ నిధికి పెద్ద గండి. ఎలక్ట్రానిక్ పెడలు గల బండిలో, పాదము ఎంత నొక్కినదో కంప్యూటరుకు తెలుపు సెన్సారు కలదు. పాతరకపు సెన్సారులో లోపలి పట్టీ అరిగినచో సంకేతము తెగును. అపాయము కలుగకుండ కంప్యూటరు ఇంజను శక్తిని తగ్గించును.

మొదట ప్లగ్గులో తుప్పు, తడి, ఎలుకలు కొరికిన తీగలు చూపించవలెను. తరచు తగవు అక్కడనే తీరును. పిదప తాళము త్రిప్పి, ఇంజను నడపక, మల్టీమీటరుతో పరీక్షింపుమని మెకానిక్కును కోరుడు. సెన్సారుకు సుమారు 5 వోల్టులు అందవలెను. పెడలు మెల్లగా నొక్కుచుండగా సంకేతపు తీగపై వోల్టేజి తడబడక మారవలెను. నడుమ పడి లేచినచో సెన్సారే దోషి. ఆ 5 వోల్టులే అందనిచో క్రొత్త సెన్సారు కొన్నను ఫలము లేదు. లోపము తీగలలోనో కంప్యూటరులోనో ఉండును.