మీకు తెలుసా? పిండికి మాత్రం ఓక్ చెక్క!

పప్పులూ ఉప్పులూ గాజు జాడీల్లో పోసి, వంటింటి అరలో అందంగా కనిపించేలా పేర్చుకోవడం ఇప్పటి మోజు. జర్మనీలో ఇలాంటి ముచ్చట 1926లోనే తీరింది. ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కట్టించిన చవక ఇళ్ల కోసం ఆర్కిటెక్ట్ మార్గరెటె షుట్టె-లిహోట్స్‌కీ ఒక చిన్న వంటగదిని రూపొందించారు. అందులో తళతళలాడే అల్యూమినియం సొరుగులు వరసగా ఉండేవి. ఒక్కోదాని మీద బియ్యం, పంచదార అంటూ పేరు, పట్టుకోవడానికి పిడి. సొరుగు బయటికి లాగి నేరుగా గిన్నెలోకి ఒంపేయడమే, చెంచాతో పనిలేదు.

పిండికి మాత్రం ఓక్ చెక్క సొరుగు. ఓక్‌లో ఉండే టానిన్ పురుగును దగ్గరికి రానివ్వదని అలా పెట్టారు. ఇలాంటి వంటగదులు దాదాపు 10,000 కట్టారు. ఒకటి న్యూయార్క్‌లోని మోమా మ్యూజియానికి చేరింది. తమాషా ఏమిటంటే, ఈ వంటగదిని గీసేనాటికి తానసలు వంటే చేసి ఎరగనని ఆవిడే చెప్పుకున్నారు!

మీ జాడీలు కిటికీ పక్కనే ఉన్నాయా? పసుపు, కారం అక్కడినుంచి తీసేయండి. ఎండకు వాటి రంగు వెలిసిపోతుంది.